న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌కి: ట్రాన్స్‌జెండర్ బిడ్డ స్కూల్ హక్కుల్లో ఏవి వెంట వస్తాయి, ఏవి అక్కడే ఆగిపోతాయి

మీ ప్రశ్నని ముందు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, చదివే మిగతావాళ్లకి కూడా అందుతుంది. మీరు న్యూజెర్సీలో ఉంటున్నారు. బిడ్డ తొమ్మిదో క్లాసు, ఈ దేశంలోనే పుట్టిన సిటిజన్. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు, ఏడాదిగా తను అబ్బాయినని చెబుతున్నాడు. స్కూల్లో కొత్త పేరుతోనే పిలుస్తున్నారు, అబ్బాయిల బాత్రూమే వాడుతున్నాడు. ఈ సంగతి మీకంటే ఆరు నెలల ముందే కౌన్సెలర్‌కి తెలుసని మీవారికి మహా కోపం. ఆయన హెచ్-1బి మీద ఉన్నారు, ఉద్యోగం మారి ఆగస్టులో డాలస్ వైపు వెళ్తున్నారు. అక్కడి పబ్లిక్ స్కూల్లో ఇవే హక్కులు ఉంటాయా, గట్టిగా అడిగితే వీసాకి ఏమన్నా అవుతుందా అని మీ టెన్షన్.

నేను స్కూల్ కేసులు చూసే లాయర్ని. తల్లిదండ్రుల తరఫున పద్ధెనిమిదేళ్లుగా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థ) ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నదాన్ని. మీ కేసు నా చేతిలో లేదు కాబట్టి దీన్ని సలహాగానే తీసుకోండి.

ఈ దేశంలో స్కూలు పిల్లల హక్కులు రెండంతస్తుల ఇల్లు. కింది అంతస్తు రాజ్యాంగానిది, ఫెడరల్ చట్టాలది. ఏ రాష్ట్రానికి వెళ్లినా అది ఉంటుంది. పై అంతస్తు రాష్ట్రం కట్టుకున్నది. ట్రాన్స్ పిల్లల కోసం న్యూజెర్సీ పై అంతస్తు చాలా విశాలంగా కట్టింది. టెక్సాస్ కట్టకపోగా మెట్ల దగ్గర తాళం వేసింది. మీవాడు ఇన్నాళ్లూ ఉన్నది మేడ మీద. మేడని లారీకెక్కించి తీసుకెళ్లలేం. కాని కింది అంతస్తులో ఏమున్నాయో చాలామంది చూడనే చూడరు, ఇప్పుడు మీకు పనికొచ్చేవి అవే.

అన్నట్టు, మీ ప్రశ్నలో ఒక చోట “అంది” అని రాశారు, ఇంకో చోట “అన్నాడు” అన్నారు, మూడో చోట “తను” అని తప్పించుకున్నారు. తప్పు పట్టడం లేదు. తెలుగులో ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడితే ఈ చిక్కే రాదు. “వచ్చావా, తిన్నావా” ఎవరికైనా ఒకటే. మనిషి గదిలోంచి వెళ్లాక వాళ్ల గురించి చెప్పేటప్పుడే “వచ్చాడు”, “వచ్చింది” అని తేల్చుకోవాల్సి వస్తుంది. ఇంగ్లీషులో హీ, షీ గొడవ కూడా సరిగ్గా అక్కడే ఉంది. టీచర్ ముఖాముఖి మాట్లాడినప్పుడు “యూ” అనే అంటుంది. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, టెక్సాస్‌లో దీనితో పని పడుతుంది. నేను మాత్రం “మీవాడు” అనే రాస్తాను.

మీకు న్యూజెర్సీలో దొరికినదాంట్లో స్కూలు వాళ్ల మంచితనం కొంత ఉంది, చట్టం చాలా ఉంది. ఆ రాష్ట్ర వివక్ష నిరోధక చట్టంలో జెండర్ ఐడెంటిటీకి (మనిషి తను మగో ఆడో అని లోపల అనుకునేదానికి) రక్షణ 2007 నుంచి అమల్లో ఉంది, పబ్లిక్ స్కూళ్లు దాని కిందికే వస్తాయి. 2017లో శాసనసభ ఇంకో చట్టం చేసి, ట్రాన్స్ విద్యార్థుల గురించి డిస్ట్రిక్టులకి మార్గదర్శకాలు ఇమ్మని విద్యాశాఖకి చెప్పింది. అవి 2018లో వచ్చాయి. విద్యార్థి చెప్పిన పేరు వాడాలి, తన జెండర్‌కి తగ్గ బాత్రూమ్ వాడనివ్వాలి, అందుకోసం డాక్టర్ కాగితమో కోర్టు కాగితమో తెమ్మనకూడదు అన్నవి వాటిలోని ముఖ్యమైన మాటలు. తల్లిదండ్రులకి స్కూలు తనంతట తాను చెప్పాల్సిన బాధ్యత లేదని కూడా అందులోనే ఉంది. కాబట్టి మీవారి కోపం న్యాయమైనదో కాదో నేను చెప్పను గాని, కౌన్సెలర్ చేసింది అక్కడి నియమాల ప్రకారమే. ఆవిడ మీద ఫిర్యాదు పెట్టి మీరు సాధించేది ఏమీ లేదు. పైగా రాష్ట్రం మారుతున్న ఈ నాలుగు నెలల్లో మీకు ఆవిడ సాయం కావాలి. ఎందుకో కింద చెబుతాను.

ఇప్పుడు ఫెడరల్ చట్టం. అందరూ చెప్పేది టైటిల్ నైన్. ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా “సెక్స్” ఆధారంగా వివక్ష చూపకూడదని 1972లో వచ్చిన చట్టం. ఆ ఒక్క మాటలో జెండర్ ఐడెంటిటీ ఉందా లేదా అన్నదే పదేళ్లుగా తగాదా. ఉద్యోగాల విషయంలో ఉందని 2020 జూన్‌లో బోస్టాక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. స్కూళ్లకి కూడా వర్తిస్తుందని బైడెన్ ప్రభుత్వం 2024లో రూల్ తెచ్చింది. 2025 జనవరి 9న కెంటకీలోని ఫెడరల్ కోర్టు దాన్ని దేశమంతటా కొట్టేసింది. ఆ వెంటనే వచ్చిన ట్రంప్ ప్రభుత్వం సెక్స్ అంటే పుట్టుకతో వచ్చిందేనన్న వైఖరి తీసుకుంది. అందుకని బాత్రూమ్ గురించో పేరు గురించో ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల ఆఫీసుకి ఫిర్యాదు రాయమని ఎవరైనా చెబితే, ఇప్పుడు వద్దు. పాత సలహాలు ఇంటర్నెట్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, తేదీ చూసుకోండి.

అయితే ప్రభుత్వం వైఖరి మారినంత మాత్రాన కోర్టు తలుపు మూసుకుపోదు. కాకపోతే ఏ కోర్టు అన్నది ముఖ్యం. వర్జీనియాలోని గ్లౌస్టర్ కౌంటీలో ఒక ట్రాన్స్ అబ్బాయిని అబ్బాయిల బాత్రూమ్‌లోకి రానివ్వకపోవడం టైటిల్ నైన్‌కీ, రాజ్యాంగంలోని సమాన రక్షణకీ విరుద్ధమని ఫోర్త్ సర్క్యూట్ 2020లో చెప్పింది (సర్క్యూట్ అంటే కొన్ని రాష్ట్రాలకి కలిపి ఉండే ఫెడరల్ అప్పీలు కోర్టు). 2021లో సుప్రీంకోర్టు అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. ఆ స్కూల్ బోర్డు అవతలి వాళ్ల లాయర్ల ఖర్చుల కింద 13 లక్షల డాలర్లు కట్టుకుంది. అచ్చం అలాంటి కేసులోనే 2022 డిసెంబర్ 30న ఫ్లోరిడా వైపు చూసే ఎలెవెన్త్ సర్క్యూట్ ఏడుగురు ఇటు, నలుగురు అటుగా చీలి స్కూలే రైట్ అంది. న్యూజెర్సీ ఉన్న థర్డ్ సర్క్యూట్ 2018లో పెన్సిల్వేనియా కేసులో ట్రాన్స్ పిల్లల్ని అనుమతించిన స్కూలు పద్ధతిని సమర్థించింది. మీరు వెళ్లే ఫిఫ్త్ సర్క్యూట్ ఈ ప్రశ్న మీద మీకు అనుకూలంగా ఏమీ చెప్పలేదు, చెబుతుందని నేను ఆశ పెట్టుకోను.

ఇక టెక్సాస్. మీకు సూటిగా తగిలే రాష్ట్ర చట్టాలు రెండు, రెండూ 2025లో వచ్చినవే.

మొదటిది ఎస్‌బి 12 (ఎస్‌బి అంటే సెనేట్ బిల్), 2025 సెప్టెంబర్ 1 నుంచి అమలు. డిస్ట్రిక్ట్ ఉద్యోగులెవరూ విద్యార్థి “సోషల్ ట్రాన్సిషన్‌”కి సాయం చేయకూడదని ప్రతి డిస్ట్రిక్టూ పాలసీ పెట్టుకోవాలంటుంది. పుట్టుకతో వచ్చిన సెక్స్‌కి భిన్నంగా కొత్త పేరు, కొత్త ప్రొనౌన్ (హీ, షీ లాంటి మాట) తీసుకోవడం ఆ నిర్వచనంలోకి వస్తుంది. తల్లిదండ్రులు ఒప్పుకుంటే చేయవచ్చన్న మినహాయింపు అందులో లేదు. తల్లిదండ్రుల హక్కుల పేరు మీద తెచ్చిన చట్టంలో మీలాంటి తల్లి మాటకి విలువ లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. జెండర్ ఐడెంటిటీ, సెక్సువల్ ఓరియెంటేషన్ ఆధారంగా నడిచే విద్యార్థి క్లబ్బుల్ని కూడా ఇదే చట్టం నిషేధించింది. మిగతా క్లబ్బులకి చోటిచ్చే హైస్కూల్ ఒక క్లబ్బుని మాత్రం వద్దనకూడదని 1984 నాటి ఫెడరల్ ఈక్వల్ యాక్సెస్ చట్టం చెబుతుంది కాబట్టి ఈ రెండిటికీ పొసగదు. దీని మీద ఫెడరల్ కోర్టులో దావా పడింది.

ఇక్కడే నేను ముందు చెప్పిన తేడా పనికొస్తుంది. ఎస్‌బి 12 కట్టేసింది ఉద్యోగుల చేతుల్ని. విద్యార్థుల నోళ్లని కాదు. మీవాడు క్లాసులో తన పేరు ఫలానా అని చెప్పుకోవచ్చు. స్నేహితులు ఆ పేరుతో పిలవచ్చు. నోట్‌బుక్ మీద రాసుకోవచ్చు. బడి గేటు దాటగానే విద్యార్థి మాట్లాడే హక్కు పోదని 1969లో టింకర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు అయోవాలో పిల్లలు వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల పట్టీలు కట్టుకుని వచ్చారు. క్లాసు నడవకుండా చేస్తే తప్ప స్కూలు ఆపడానికి వీల్లేదు. టీచర్ నేరుగా మాట్లాడేటప్పుడు ఎలాగూ “నువ్వే” కాబట్టి, మంచి టీచర్ అయితే చట్టం దాటకుండానే మీవాడి మనసు నొప్పించకుండా ఏడాది గడిపేయగలదు. అలా నెట్టుకొస్తున్న టీచర్లు నాకు తెలుసు.

రెండోది ఎస్‌బి 8. 2025 డిసెంబర్ 4 నుంచి అమలు. ప్రభుత్వ భవనాల్లో, అంటే పబ్లిక్ స్కూళ్లలో కూడా, ఒకరికంటే ఎక్కువమంది వాడే బాత్రూములు, బట్టలు మార్చుకునే గదులు పుట్టుకతో వచ్చిన సెక్స్ ప్రకారమే వాడాలి. జరిమానా సంస్థకే, విద్యార్థికి కాదు. మొదటిసారి 25,000 డాలర్లు, ఆ తర్వాత ప్రతిసారీ 1,25,000. ఆ అంకె చూశాక ఏ ప్రిన్సిపాలూ మీ కోసం కళ్లు మూసుకోడు, అడిగి ఇబ్బంది పెట్టకండి. ఒక్కరే వాడే బాత్రూముని మాత్రం ఈ చట్టం అడ్డుకోదు. మీరు అడగాల్సింది దాని గురించి. ఎక్కడుంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, క్లాసుకీ క్లాసుకీ మధ్య ఉన్న అయిదు నిమిషాల్లో వెళ్లి రాగలడా? నర్సు రూమ్ వాడుకోమని నోటితో చెప్పేసి, ఆ గది స్కూలుకి అవతలి చివర ఉండటం, ఆలస్యమైందని పిల్లాడికి టార్డీ స్లిప్పులు రాయడం, పిల్లాడు చివరికి నీళ్లు తాగడం మానేయడం నేను చాలా చూశాను.

దీనికి కింది అంతస్తులో ఒక మంచి పనిముట్టు ఉంది: 504 ప్లాన్. వైకల్యం ఉన్న విద్యార్థులకి వివక్ష లేకుండా సదుపాయాలు ఇవ్వాలన్న 1973 నాటి ఫెడరల్ చట్టంలోని సెక్షన్ నంబరు అది. ట్రాన్స్ కావడం జబ్బు కాదు, దాని పేరు మీద ఈ ప్లాన్ అడగమని నేను అనను. కాని మీవాడికి ఆందోళన ఉందని, రాత్రుళ్లు నిద్రపోవడం లేదని, థెరపిస్టుని చూపిస్తున్నామని రాశారు. ఆ ఆందోళనకి డాక్టర్ రాతపూర్వకంగా డయాగ్నసిస్ ఇస్తే 504 అడగవచ్చు. దాంట్లో వేరు బాత్రూమ్ పాస్, జిమ్ క్లాసుకి బట్టలు విడిగా మార్చుకునే చోటు, గుండె దడ వచ్చినప్పుడు లేచి వెళ్లి కూర్చోగలిగే ఒక నమ్మకమైన టీచర్ గది, ఇవన్నీ పేరు పేరునా రాయించండి. ఎవరూ జెండర్ అన్న మాట ఎత్తక్కర్లేదు. ఈ ప్లాన్ న్యూజెర్సీలోనే రాయించుకుని వెళ్లండి. కొత్త స్కూలు మళ్లీ సమీక్షిస్తుంది, కాని ఖాళీ చేతులతో వెళ్లడానికీ, ఉన్న ప్లాన్ పట్టుకుని వెళ్లడానికీ చాలా తేడా. కౌన్సెలర్ సాయం కావాలన్నది ఇందుకే.

పేరు దగ్గరికి వద్దాం. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే. ముద్దుపేరుగా కాకుండా, కోర్టు ద్వారా పేరు మార్పించండి. మైనర్ తరఫున తల్లిదండ్రులు న్యూజెర్సీ సుపీరియర్ కోర్టులో పిటిషన్ వేయవచ్చు. టెక్సాస్‌లోనూ తల్లిదండ్రులు వేయవచ్చు, పదేళ్లు దాటిన పిల్లల రాతపూర్వక అంగీకారం జతచేయాలి. కాని వెళ్లకముందే పూర్తి చేసుకోమని నా సలహా. కోర్టు ఆర్డర్ ఉంటే అది “ఇష్టపడే పేరు” కాదు, లీగల్ పేరు. ఒక రాష్ట్రపు కోర్టు తీర్పుని ఇంకో రాష్ట్రం గౌరవించాలని రాజ్యాంగమే చెబుతుంది. అడ్మిషన్ ఆ పేరుతోనే, హాజరు పట్టీలో ఆ పేరే, సబ్‌స్టిట్యూట్ టీచర్ చదివేదీ ఆ పేరే. లీగల్ పేరు పిలవడాన్ని సోషల్ ట్రాన్సిషన్‌కి సాయం అనడం కుదరదన్నది నా వాదన, జడ్జి ముందు నిలబడి కూడా అదే అంటాను. ప్రొనౌన్ సమస్య తీరదు. కాని రోజుకి ఏడు పీరియడ్లలో ఏడుసార్లు పాత పేరు వినే బాధ తప్పుతుంది. దీనికి మీవారి సంతకం కూడా ఉంటే పని సులువు. ఒకరికి తెలియకుండా ఇంకొకరు వేయాలని చూడకండి, కోర్టు రెండో వాళ్లకి నోటీసు ఇమ్మంటుంది.

బర్త్ సర్టిఫికెట్‌లో సెక్స్ మార్పించడం వేరే సంగతి. మీవాడు న్యూజెర్సీలో పుట్టి ఉంటే 2019 నుంచి డాక్టర్ కాగితం లేకుండానే మార్చుకోవచ్చు. కాని టెక్సాస్ చట్టం చూసేది పుట్టినప్పుడు రాసిన దాన్నే. దాంతో బాత్రూమ్ తలుపు తెరుచుకోదు. అమెరికా పాస్‌పోర్టులో కూడా ఇప్పుడు పుట్టుకతో వచ్చిన సెక్స్ మాత్రమే వేస్తున్నారు, రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంటే ఇంకో తలనొప్పి. తొందరపడొద్దంటాను.

రికార్డుల గురించి చాలా కుటుంబాలు పట్టించుకోవు. ఫెర్పా అనే 1974 నాటి చట్టం ప్రకారం బిడ్డకి 18 నిండేదాకా స్కూల్ రికార్డులు చూసే హక్కు మీది. రాసి అడిగితే 45 రోజుల్లోపు చూపించాలి. కౌన్సెలర్ గనక జెండర్ సపోర్ట్ ప్లాన్ లాంటి కాగితం తయారుచేసి ఫైల్లో పెట్టి ఉంటే అది కూడా చూడవచ్చు. మీవారి ప్రశ్నకి అసలైన జవాబు ఇదే: స్కూలు చెప్పకపోవచ్చు, కాని మీరు అడిగితే దాచడానికి వీల్లేదు. మీరు ఊరు మారితే ఆ ఫైలు మీ సంతకం లేకుండానే కొత్త స్కూలుకి వెళ్లిపోగలదు. జూన్‌లో స్కూలు మూసేలోపు ఒకసారి వెళ్లి తిరగేయండి. ఏ కాగితాల్లో ఏ పేరు ఉంది, పాత పేరున్నవి కోర్టు ఆర్డర్ వచ్చాక సరిచేయమని అడగండి. టెక్సాస్‌లో చేరగానే డైరెక్టరీ ఇన్ఫర్మేషన్ ఇవ్వొద్దన్న ఫారం నింపండి. లేకపోతే పేరు, అడ్రసు లాంటివి మీ అనుమతి అడగకుండానే బయటివాళ్లకి ఇవ్వచ్చు. ఆ ఫారం అడ్మిషన్ కాగితాల కట్టలో ఎక్కడో ఉంటుంది, అందరూ చదవకుండా టిక్ పెట్టేస్తారు. ఇంకొకటి, అత్తగారికీ, తోడికోడలికీ, గుడిలో కలిసేవాళ్లకీ మీవాడి రికార్డు చూసే హక్కు లేదు. స్కూలు వాళ్లెవరైనా ఫోన్‌లో వాళ్లతో మాట్లాడితే అది స్కూలు తప్పు.

ఏడిపించడం, కొట్టడం, ఫోన్లో మెసేజ్‌లు పెట్టడం. ఇది కింది అంతస్తులో గట్టిగా ఉన్న గది, రాజకీయాల గాలి తగిలినా కదలనిది. స్కూలుకి తెలిసి కూడా పట్టించుకోకుండా వదిలేస్తే, తోటి విద్యార్థుల లైంగిక వేధింపులకి డిస్ట్రిక్ట్ డబ్బు కట్టాల్సి వస్తుందని 1999లో డేవిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాధితుడు ఎవరన్నదాంతో సంబంధం లేదు. బట్టలు లాగడం, శరీరం గురించి వెకిలి మాటలు, “అసలు నువ్వేంటో చూపించు” అనడం అన్నీ అందులోకి వస్తాయి. టెక్సాస్‌కి తన సొంత చట్టం కూడా ఉంది, డేవిడ్స్ లా అంటారు, 2017లో వచ్చింది. ఆన్‌లైన్ వేధింపులకీ వర్తిస్తుంది. ఫిర్యాదు అందిన మూడు పని దినాల్లోపు బాధితుడి తల్లిదండ్రులకి స్కూలు తెలియజేయాలి. వేధింపు జరిగిందని తేలితే మీరు కోరితే వేరే క్లాసుకో వేరే స్కూలుకో మార్చాలి.

అసలు మెలిక “తెలిసి కూడా” అన్న మాట దగ్గర ఉంది. ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చేసరికి పిల్లాడు ఎనిమిది నెలలు నరకం చూశాడు. తల్లి పదకొండుసార్లు స్కూలుకి వెళ్లింది, ప్రతిసారీ అసిస్టెంట్ ప్రిన్సిపాల్ కాఫీ ఇచ్చి, చూసుకుంటామన్నాడు. తీరా మేం అడిగితే డిస్ట్రిక్ట్ లాయర్ “మాకు ఎవరూ చెప్పలేదే” అన్నాడు. వాళ్ల ఫైల్లో నిజంగానే ఒక్క ముక్క లేదు. మనవాళ్లకి పెద్దమనిషి మాట మీద గౌరవం, రాసి ఇమ్మంటే తగువు పెట్టుకున్నట్టు ఫీలవుతారు. మీరు అలా అనుకోకండి. మీటింగ్ అయిన రోజు సాయంత్రమే ఈమెయిల్ పెట్టండి: ఇవాళ మనం కలిశాం, మీరు ఇవి ఒప్పుకున్నారు, ఫలానా తేదీలోగా చేస్తామన్నారు, నేను తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. అయిదు వాక్యాలు చాలు. మర్యాద పోదు, సాక్ష్యం మిగులుతుంది.

వీసా. స్కూలు మీద ఫిర్యాదుకీ, హెచ్-1బికీ, గ్రీన్ కార్డుకీ సంబంధం లేదు. కాగితాలు లేని పిల్లలకి కూడా పబ్లిక్ స్కూల్ చదువు నిరాకరించకూడదని 1982లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు, విచిత్రంగా, డాలస్‌కి తూర్పున ఉన్న టైలర్ అనే ఊరి స్కూల్ డిస్ట్రిక్టుదే. మీవాడు ఎలాగూ సిటిజన్. టైటిల్ నైన్ కింద వివక్ష గురించి నోరెత్తినందుకు కక్ష సాధించడం కూడా వివక్షేనని 2005లో ఇంకో తీర్పు ఉంది. ఈ భయంతో నోరు మూసుకున్న తెలుగు తల్లిదండ్రుల్ని ఎంతమందినో చూశాను, ఇమ్మిగ్రేషన్ సమస్య వచ్చినవాళ్లని ఒక్కరినీ చూడలేదు.

మీరు అడగకపోయినా రెండు సంగతులు. హార్మోన్ల లాంటి వైద్యం ఆలోచనలో ఉంటే, టెక్సాస్‌లో 18 ఏళ్లలోపు వాళ్లకి 2023 సెప్టెంబర్ నుంచి నిషేధం. అలాంటి టెనెసీ చట్టాన్ని 2025 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఇల్లు మారేముందే డాక్టర్‌తో మాట్లాడుకోండి. రెండోది, ఆ నిద్ర పట్టని రాత్రుల్లో ఎప్పుడైనా భయమేస్తే 988కి (ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభాల హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. ఈ పిల్లల కోసం ప్రత్యేకంగా ఉండే మూడో నంబరు నొక్కే ఏర్పాటు 2025 జులైలో తీసేశారు, కాని లైను పని చేస్తుంది.

స్కూల్ డిస్ట్రిక్ట్ ఇంకా తేల్చుకోలేదని రాశారు. అపార్ట్‌మెంట్ లీజు మీద సంతకం పెట్టకముందే రెండు మూడు డిస్ట్రిక్టుల వెబ్‌సైట్లలో ఎస్‌బి 12 పాలసీ తెచ్చుకుని చదవండి. చట్టం ఒకటే అయినా ఒక డిస్ట్రిక్ట్ దాన్ని అక్షరానికి అక్షరం అమలు చేసి ఊరుకుంటే, ఇంకోటి చట్టం అడగనివి కూడా పెట్టుకుంటుంది. పిటిషన్ మాత్రం ఈ వారమే వేయండి, కోర్టు తేదీ మన చేతిలో ఉండదు. ఆర్డర్ వచ్చాక కోర్టు ముద్ర ఉన్న కాపీలు కనీసం అయిదు తీసుకోండి. స్కూలుకి ఒకటి, సోషల్ సెక్యూరిటీకి ఒకటి, పాస్‌పోర్టుకి ఒకటి, డాక్టర్‌కి ఒకటి, ఇంట్లో బీరువాలో ఒకటి.